యాభై ఆరు నిమిషాల పాటకు ముప్పై సెకన్ల లెక్క

ముందుగా ఒక అంకె: 30 సెకన్లు. స్పాటిఫైలో ఒక పాటను అంతసేపు వింటే చాలు, అది ఒక స్ట్రీమ్‌గా లెక్కకు ఎక్కుతుంది. ముప్పై ఒకటో సెకనులో ఆపేసినా ఒకటే, చివరిదాకా విన్నా ఒకటే.

ఇంకో అంకె: 56 నిమిషాలు. ఆస్ట్రేలియాకు చెందిన 'ద నెక్స్' అనే ముగ్గురి బృందం 1989లో తెచ్చిన తొలి ఆల్బమ్ నిడివి అది. అందులో ఉన్నది ఒకే ఒక్క ట్రాక్. దాన్ని మొదటి నుంచి చివరి వరకు మనసు పెట్టి విన్న శ్రోత వల్ల ఆ ముగ్గురి ఖాతాలో పడేది ఒక స్ట్రీమ్. అదే 56 నిమిషాలు ఎవరైనా అర నిమిషం ముక్కలు వింటూ పోతే 112 స్ట్రీమ్‌లు పడతాయి.

అప్పటికప్పుడు కల్పించి వాయించే ఇలాంటి జాజ్‌కు ఈ రోజు ఆదరణ లేదని చెప్పేవాళ్లు చూపించేది స్ట్రీమ్‌ల అంకెనే. జాజ్ మొత్తం వాటా చిన్నదే, అందులో వివాదం లేదు. 2014లో నీల్సన్ సంస్థ లెక్క ప్రకారం అమెరికాలో జనం విన్న, కొన్న సంగీతంలో జాజ్‌ది 1.4 శాతం. అందులో పాత రికార్డులు పోను, కొత్తగా కల్పించి వాయించేవాళ్ల వంతు ఎంత సన్ననిదో ఊహించుకోవచ్చు. అయినా నేను ఈ అంకె దగ్గర ఆగను. నిమిషాలు, గంటలు, మనుషులు, ఏళ్లు లెక్కపెడితే ఇదే సంగీతం వేరేలా కనబడుతుంది.

అసలు ఇందులో కల్పన ఎంత, ముందే రాసుకున్నది ఎంత? మన కచేరీల్లో కృతి పాడుతూ ఒక పాదం పట్టుకుని నెరవు చేస్తారు, ఆ తర్వాత కల్పనస్వరం వేస్తారు. రాగం మారదు, తాళం మారదు. ఆ హద్దుల్లో ఎంత దూరం వెళ్లాలన్నది విద్వాంసుల మనోధర్మం. జాజ్‌లో చాలాకాలం జరిగింది దాదాపు ఇదే. ముందు ఒక బాణీ ఉంటుంది, దాని వెనక కార్డ్‌ల వరస, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తులు ఉంటాయి. బాణీ వాయించాక ఒకరి తర్వాత ఒకరు ఆ వరస మీద తమ ఊహ నడిపించి, చివర్లో మళ్లీ బాణీకి వస్తారు.

1960 డిసెంబర్ 21న న్యూయార్క్‌లో సాక్సఫోనిస్ట్ ఆర్నెట్ కోల్మన్ ఆ కార్డ్‌ల వరసను పక్కన పెట్టేశారు. ఎనిమిది మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టు ఎడమ స్పీకర్‌లో, రెండోది కుడి స్పీకర్‌లో వినబడేలా అమర్చారు. మధ్య మధ్య అందరూ కలిసి వాయించే చిన్న ఘట్టాలు తప్ప మిగిలినదంతా ఆ క్షణాన పుట్టిందే. మొత్తం 37 నిమిషాలు. 'ఫ్రీ జాజ్' పేరుతో మరుసటి ఏడాది వచ్చిన ఆ రికార్డు దగ్గర ఒక చిక్కు వచ్చింది. ఎల్‌పీ ఒక వైపున అంత నిడివి పట్టదు. అందుకని పాటను మధ్యలో తుంచి రెండు వైపులా పంచారు.

ఈ చిక్కు కొత్తది కాదు. 1917 ఫిబ్రవరి 26న ఒరిజినల్ డిక్సీలాండ్ జాస్ బ్యాండ్ తొలి జాజ్ రికార్డు చేసినప్పుడు ఆ ప్లేటు ఒక వైపున పట్టేది సుమారు మూడు నిమిషాలు. క్లబ్బులో ఎంతసేపు వాయించినా, ఇంట్లో విన్నవాళ్లకు అందింది ఆ మూడు నిమిషాలే. 1948లో ఎల్‌పీ వచ్చి ఒక వైపుకు ఇరవై నిమిషాలకు పైగా ఇచ్చింది. 1982లో సీడీ వచ్చి 74 నిమిషాలు ఇచ్చింది. నెక్స్ బృందం 1989లో 56 నిమిషాల పాటను మధ్యలో తెగకుండా ఇవ్వగలిగిందంటే సీడీ చలవే. ఇప్పుడు స్ట్రీమింగ్‌లో నిడివికి హద్దే లేదు, కానీ కూలి లెక్కించే కొలత మాత్రం అర నిమిషానికి దిగిపోయింది. నూరేళ్లలో పాటకు జాగా పెరుగుతూ వచ్చి, కొలబద్ద మాత్రం పొట్టిదైన కాలం ఇదొక్కటే.

ఎల్‌పీ కాలంలోనే ఈ సంగీతానికి దక్కిన ఒక పెద్ద అంకె చూద్దాం. 1975 జనవరి 24న జర్మనీలోని కొలోన్ ఒపేరా హౌస్‌లో కీత్ జారెట్ పియానో కచేరీ జరిగింది. ఏర్పాటు చేసింది 18 ఏళ్ల వేరా బ్రాండెస్. ఒపేరా ప్రదర్శన అయ్యాక మొదలుపెట్టాలి కాబట్టి రాత్రి 11.30 అయింది. సుమారు 1,400 మంది వచ్చారు. వేదిక మీదికి తెచ్చింది జారెట్ కోరిన పియానో కాదు. చిన్నది, పై స్వరాలు పలచగా, మంద్ర స్వరాలు బలహీనంగా మోగేది. ఆయన మధ్య స్వరాల దగ్గరే ఉండి, ఎడమ చేత్తో ఒకే లయను పదే పదే నడిపిస్తూ దాని మీద కల్పన చేశారు. చివర్లో అదనంగా వాయించిన ముక్కకు తప్ప ముందుగా రాసుకున్న బాణీ లేదు. ఆల్బమ్‌లో ఆ కచేరీ 26 నిమిషాల మొదటి భాగంగా, మూడు ముక్కలైన రెండో భాగంగా ఉంటుంది. రెండో భాగంలో మొదటి రెండు ముక్కల్ని విడదీసింది కూడా ఎల్‌పీ వైపుల కొలతే, మూడోది ఆ అదనపు ముక్క. మొత్తం 66 నిమిషాలు, సుమారు 40 లక్షల ప్రతులు. సోలో పియానో రికార్డుల్లో అంతకు మించి అమ్ముడుపోయింది లేదు. ఆశువుగా వాయించింది జనానికి ఎక్కదు అనే మాటకు ఈ ఒక్క అంకె చాలు.

మళ్లీ నెక్స్ దగ్గరికి వద్దాం. 1987లో సిడ్నీలో మొదలైన ఈ బృందంలో పియానో క్రిస్ ఏబ్రహామ్స్, బాస్ లాయిడ్ స్వాంటన్, డ్రమ్స్ టోనీ బక్. అప్పటి నుంచి ఇప్పటిదాకా వాళ్లే ముగ్గురు. కచేరీ అంటే మామూలుగా రెండు విడతలు, ఒక్కోటి ముప్పావు గంటో గంటో. వేదిక ఎక్కేటప్పుడు ఏం వాయించాలో ముగ్గురిలో ఎవరికీ తెలియదు. కాసేపు నిశ్శబ్దంగా ఉంటారు. ఎవరో ఒకరు ఒక చిన్న స్వరాల జతతో మొదలుపెడతారు, మిగిలిన ఇద్దరు తమకు తోచినప్పుడు చేరతారు. ఆ చిన్న జతనే తిప్పి తిప్పి వాయిస్తుంటే, పది నిమిషాల తర్వాత అది మారిపోయిందని మనకు తెలుస్తుంది. ఎప్పుడు మారిందో మాత్రం పట్టుకోలేం. 2025లో వచ్చిన వాళ్ల 'డిస్‌క్వయట్' మూడు సీడీలు, మూడు గంటలకు పైగా నడుస్తుంది. ఒకటిన్నర నిమిషంలో ఆకట్టుకోకపోతే శ్రోత జారిపోతాడని భయపడే కాలంలో మూడు గంటల రికార్డు వేయడం నాకు గొప్ప ధైర్యంగా కనబడుతుంది.

ఆ ధైర్యానికి ఖరీదెంతో లెక్క వేద్దాం. స్పాటిఫై ఒక స్ట్రీమ్‌కు ఇంత అని స్థిరమైన రేటు ఇవ్వదు. వచ్చిన ఆదాయంలో ఎవరి వాటా ఎంతో చూసి పంచుతుంది. బయట చెప్పుకొనే అంచనా ఒక స్ట్రీమ్‌కు 0.3 నుంచి 0.5 సెంటు వరకు. 0.4 అనుకుందాం. వెయ్యి స్ట్రీమ్‌లకు నాలుగు డాలర్లు. అది కూడా నేరుగా కళాకారుల చేతికి రాదు, మధ్యలో లేబుల్, పంపిణీదారు ఉంటారు.

ఇదే సంగీతాన్ని, కళాకారులు శ్రోతలకు నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ వెబ్‌సైట్‌లో అమ్మితే లెక్క వేరు. డిజిటల్ అమ్మకం మీద ఆ సంస్థ తీసుకునేది 15 శాతం. చెల్లింపుల ఖర్చులు కూడా పోగా సగటున 82 శాతం కళాకారులకో లేబుల్‌కో చేరుతుందని సంస్థ చెబుతుంది. పది డాలర్ల ఆల్బమ్‌ను 300 మంది కొన్నారనుకోండి. 3,000 డాలర్లలో 2,460 వస్తాయి. ముగ్గురు పంచుకుంటే తలా 820. ఇదే 2,460 డాలర్లు స్ట్రీమింగ్‌లో రావాలంటే 6,15,000 స్ట్రీమ్‌లు కావాలి. పాట నిడివి 56 నిమిషాలైతే, ఆ వినికిడి అంతా కలిపి 5,74,000 గంటలు. ఒక మనిషి నిద్ర లేకుండా విన్నా 65 ఏళ్లు పడుతుంది. అటువైపు కావలసింది 300 మంది.

అందుకే ఈ రంగంలో ఉన్నవాళ్లు లక్షల శ్రోతల కోసం కాక, డబ్బు పెట్టి కొనే కొన్ని వందల మంది కోసం చూస్తారు. 2020 మార్చి 20న, కోవిడ్‌తో కచేరీలన్నీ ఆగిపోయిన రోజుల్లో, బ్యాండ్‌క్యాంప్ ఒక రోజు తన వాటా వదులుకుంది. ఆ ఒక్క రోజే అభిమానులు 43 లక్షల డాలర్ల సంగీతం కొన్నారు. ఆ తర్వాత 'బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే'లు ఒక ఆనవాయితీ అయ్యాయి. ఇటు స్పాటిఫై 2024 నుంచి కొత్త నియమం పెట్టింది. గడిచిన 12 నెలల్లో వెయ్యి స్ట్రీమ్‌లు దాటని ట్రాక్‌కు పైసా రాదు. పెద్ద గాయకులకు వెయ్యి ఒక లెక్క కాదు. చిన్న లేబుల్ పదేళ్ల కిందట వేసిన ఆల్బమ్‌లోని ఆరో ట్రాక్‌కు మాత్రం అది పెద్ద గోడే. చిన్నవాళ్ల దగ్గర మిగిలిన కాస్త చిల్లరనూ తీసి పెద్దవాళ్ల వాటాలో కలిపే పద్ధతి ఇది. దీన్ని సమర్థించడానికి నాకు ఒక్క కారణం కనబడలేదు.

ఒకసారి మాత్రం పొడవాటి పాట ఈ లెక్కల్ని దాటుకుని వెళ్లింది. అవుట్‌కాస్ట్ బృందంలో ర్యాపర్‌గా పేరు తెచ్చుకున్న ఆండ్రే 3000 2023 నవంబర్‌లో 'న్యూ బ్లూ సన్' విడుదల చేశారు. ఎనిమిది ట్రాక్‌లు, 87 నిమిషాలు. ఎక్కడా ర్యాప్ లేదు. చేతిలో ఫ్లూట్లు, చుట్టూ లాస్ ఏంజెలిస్ కల్పనా సంగీత విద్వాంసులు. మొదటి ట్రాక్ 12 నిమిషాల 20 సెకన్లు. అది బిల్‌బోర్డ్ హాట్ 100లో 90వ స్థానంలో చేరింది. ఆ జాబితాకు ఎక్కిన పాటల్లో అప్పటికి అంత పొడవైనది లేదు. దీని వెనక ఆయన పాత పేరు బలం ఉందన్నది నిజం. ఆ పేరు చూసి వచ్చినవాళ్లలో ఎంతోమంది కల్పనా సంగీతం వినడం అదే మొదటిసారి అయి ఉంటుంది, నాకు ముఖ్యమైనది అది.

కల్పించి వాయించిన గంటల్లోంచి ఆల్బమ్ ఎలా పుడుతుందో దగ్గరగా చూడాలంటే షికాగో డ్రమ్మర్ మకాయా మెక్‌క్రేవన్ 'ఇన్ ద మూమెంట్' (2015) వినాలి. ఆ ఊళ్లో ఒక బార్‌లో ఏడాది పాటు 28 కచేరీలు చేశారు. ప్రతిసారీ ఏ పాటా అనుకోకుండానే. అన్నీ రికార్డు చేస్తే 48 గంటలు పోగైంది. వాటిని ఇంటికి తీసుకెళ్లి, ఒక చోట డ్రమ్ దెబ్బల వరస బాగా కుదిరితే దాన్ని కత్తిరించి, చుట్టూ తిప్పి, దాని మీద మరో చోటి బాస్ పరిచి, హిప్‌హాప్ నిర్మాతలు పాత రికార్డుల్ని వాడుకున్నట్టు తన రికార్డులనే తాను వాడుకున్నారు. చివరికి మిగిలినవి 19 ట్రాక్‌లు. వేదిక మీద ఒకసారి, ఎడిటింగ్ బల్ల దగ్గర మరోసారి, రెండుసార్లు కల్పన జరిగిందన్నమాట. 2018 నాటి 'యూనివర్సల్ బీయింగ్స్'లో ఇదే పద్ధతిని నాలుగు ఊళ్లకు పట్టుకెళ్లారు. న్యూయార్క్, షికాగో, లండన్, లాస్ ఏంజెలిస్, ఎల్‌పీలో ఒక్కో వైపు ఒక్కో ఊరు. హార్ప్ వాయించే బ్రాండీ యంగర్, లండన్ సాక్సఫోనిస్టులు నుబాయా గార్సియా, షబాకా హచింగ్స్ అందులో వినిపిస్తారు. 2015 నాటి రికార్డు నాకు ఇంకా ఎక్కువ ఇష్టం. గ్లాసుల చప్పుడు, జనం మాటలు కూడా అందులో వాయిద్యాలే.

ఇక మనుషుల లెక్క. మూడు కొత్త రికార్డులు తీసుకుందాం. గిటారిస్ట్ మేరీ హాల్వర్సన్ 'అమరిల్లిస్' (2022), కొన్ని పాటల్లో చేరే స్ట్రింగ్ క్వార్టెట్‌ను పక్కన పెడితే ఆరుగురు. మెక్సికోలోని వెరాక్రూజ్ నుంచి వచ్చిన వైబ్రఫోన్ కళాకారిణి పట్రీషియా బ్రెనన్ 'బ్రేకింగ్ స్ట్రెచ్' (2024), ఏడుగురు. పియానిస్ట్ విజయ్ అయ్యర్ 'అనీజీ' (2021), ముగ్గురు. మొత్తం 16 కుర్చీలు, కూర్చున్నది 14 మంది. బ్రెనన్, ట్రంపెట్ వాయించే ఆడమ్ ఓ'ఫ్యారిల్ రెండేసి చోట్ల ఉన్నారు. బ్రెనన్ బృందంలో డ్రమ్స్ వాయించిన మార్కస్ గిల్మోర్ అంతకు ముందు అయ్యర్ ట్రియోలో ఉండేవారు. చార్లీ పార్కర్‌తో వాయించి, 2024లో 99 ఏళ్ల వయసులో కన్నుమూసిన రాయ్ హేన్స్‌కు ఈయన మనవడు. అయ్యర్ ట్రియోలో ఇప్పుడున్న డ్రమ్మర్ టైషాన్ సోరీ సొంత ట్రియో నడుపుతూ ఆర్కెస్ట్రాలకు కూడా రాస్తారు. ఒక్క బ్యాండుతో ఎవరికీ ఇల్లు గడవదు కాబట్టి నలుగురైదుగురి బృందాల్లో ఉంటారు. అవసరం కొద్దీ పుట్టిన ఈ ఏర్పాటు సంగీతానికి మేలే చేసింది. ఒకరు ఊపిరి పీల్చడంలోనే తర్వాత ఏం వస్తుందో పక్కవారికి తెలిసిపోయేంత చనువు, ఏళ్ల తరబడి వేర్వేరు బ్యాండుల్లో కలిసి వాయిస్తే తప్ప రాదు.

ఈ మూడింట్లో మొదట ఏది వినాలని అడిగితే 'బ్రేకింగ్ స్ట్రెచ్' అంటాను. వైబ్రఫోన్ లోహపు పలకల నాదాన్ని బ్రెనన్ ఎలక్ట్రానిక్ పరికరాలతో సాగదీసి వంచుతారు, కింద క్యూబన్ లయలు పరుగులు తీస్తుంటాయి. 2024 చివర్లో జాజ్ విమర్శకులు వేసిన ఓట్లలో ఆ ఏడాది ఉత్తమ ఆల్బమ్‌గా నిలిచింది ఇదే. దాన్ని వేసిన పైరోక్లాస్టిక్ లేబుల్‌ను 2016లో మొదలుపెట్టింది పియానిస్ట్ క్రిస్ డేవిస్. వాయించేవాళ్లే లేబుల్ కూడా నడుపుకోవడం ఈ రంగంలో ఇప్పుడు సాధారణం.

మన వైపు నుంచి ఈ సంగీతానికి వెళ్లిన దారి కూడా ఉంది. అయ్యర్ తమిళ కుటుంబంలో 1971లో అమెరికాలో పుట్టారు, యేల్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివారు. 2023లో గాయని అరూజ్ ఆఫ్తాబ్, బాస్ వాయించే షాజాద్ ఇస్మాయిలీలతో కలిసి ఆయన చేసిన 'లవ్ ఇన్ ఎక్సైల్' స్టూడియోలో ముగ్గురూ కలిసి అప్పటికప్పుడు వాయించినది, తర్వాత కత్తిరింపులు దాదాపు లేవు. ఉర్దూ మాటలు పియానో మీద తేలుతూ వెళతాయి. 2008లో కన్నడ కుటుంబానికి చెందిన సాక్సఫోనిస్ట్ రుద్రేశ్ మహంతప్ప, కర్ణాటక సంగీతాన్ని సాక్సఫోన్ మీద వాయించిన కద్రి గోపాల్‌నాథ్‌తో కలిసి 'కిన్స్‌మెన్' చేశారు. ఏడుగురి బృందంలో వయొలిన్ మన విజయనగరం బిడ్డ అవసరాల కన్యాకుమారిది. రెండు సాక్సఫోన్‌లు పోటీ పడుతున్న చోట ఆమె గమకాలు వినడానికే నేను ఆ రికార్డు మళ్లీ మళ్లీ పెడతాను. ఇంకా వెనక్కి వెళితే, 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ చేసిన పాలకొల్లు కుర్రాడు మాండొలిన్ శ్రీనివాస్ 1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌లో వాయించారు. అప్పటికి ఆయనకు 14 ఏళ్లు. తర్వాత గిటారిస్ట్ జాన్ మెక్‌లాఫ్లిన్ 'రిమెంబర్ శక్తి' బృందంలో జాకిర్ హుస్సేన్ పక్కన కూర్చున్నారు. 2014 సెప్టెంబర్ 19న, 45 ఏళ్లకే, వెళ్లిపోయారు.

స్ట్రీమ్‌లు తిండి పెట్టవు, కొనేది వందల మంది. మరి వీళ్లు ఎలా నిలబడ్డారు? చాలామందికి ఆధారం విశ్వవిద్యాలయాలు. అయ్యర్ 2014 నుంచి హార్వర్డ్‌లో ప్రొఫెసర్, మహంతప్ప ప్రిన్స్‌టన్‌లో, సోరీ పెన్సిల్వేనియాలో. రెండో ఆధారం ఫెలోషిప్‌లు. మెకార్థర్ ఫౌండేషన్ అయిదేళ్లలో విడతలుగా ఇచ్చే సొమ్ము అయ్యర్ (2013), సోరీ (2017), హాల్వర్సన్ (2019) అందుకున్నప్పుడు 6,25,000 డాలర్లు. సెల్లో విద్వాంసురాలు టొమేకా రీడ్ 2022లో అందుకునే నాటికి 8,00,000. పైన వేసిన లెక్కలో ఇది 20 కోట్ల స్ట్రీమ్‌లకు సమానం. ఇది దక్కేది ఏ కొద్దిమందికో. దక్కనివాళ్లు పాఠాలు చెబుతూ, యూరప్ ఫెస్టివల్స్ తిరుగుతూ నెట్టుకొస్తారు.

గౌరవం రావడానికీ చాలా కాలమే పట్టింది. పులిట్జర్ సంగీత బహుమతి 1943లో మొదలైతే జాజ్‌కు తొలిసారి దక్కింది 1997లో, 54 ఏళ్ల తర్వాత, వింటన్ మార్సాలిస్‌కు. 1965లో డ్యూక్ ఎలింగ్టన్‌కు ప్రత్యేక గౌరవం ఇవ్వాలని న్యాయనిర్ణేతలు సూచిస్తే పులిట్జర్ బోర్డు ఒప్పుకోలేదు. ఆ తిరస్కారం ఇప్పటికీ మనసును గుచ్చుతుంది. సరిగ్గా అదే ఏడాది షికాగోలో ముహల్ రిచర్డ్ ఏబ్రమ్స్, మరి కొందరు నల్లజాతి సంగీతకారులు ఏఏసీఎం అనే సంఘం పెట్టుకున్నారు. సొంత సంగీతమే వాయించాలి, కచేరీలు తామే ఏర్పాటు చేసుకోవాలి, పిల్లలకు ఉచితంగా నేర్పాలి అన్నది వాళ్ల నియమం. ఈ వ్యాసంలో వచ్చిన పేర్లలో ఎన్నో ఆ సంఘం చుట్టూ తిరిగేవే. రీడ్ అందులో సభ్యురాలు. హాల్వర్సన్‌కు గురువైన ఆంథొనీ బ్రాక్స్‌టన్ అక్కడి నుంచి వచ్చినవారే. 2016లో పులిట్జర్ అందుకున్న హెన్రీ థ్రెడ్‌గిల్ కూడా అంతే. 2024లో సోరీకి అదే బహుమతి తెచ్చిన కృతి, సంఘంలో 1967 నుంచి ఉన్న ట్రంపెట్ విద్వాంసుడు వాడాడా లియో స్మిత్‌కు అంకితం.

ఆ సంఘం నుంచే వచ్చిన సాక్సఫోన్ కళాకారులు మటానా రాబర్ట్స్ పెట్టుకున్న లెక్క మరీ పెద్దది. 'కాయిన్ కాయిన్' పేరుతో 12 ఆల్బమ్‌లు, అమెరికాలో నల్లజాతి పూర్వీకుల చరిత్రలోంచి ఒక్కోదానిలో ఒక్కో అధ్యాయం. సాక్సఫోన్, పాట, మాట, సమష్టి కల్పన అన్నీ కలగలిసి వస్తాయి. మొదటి అధ్యాయం 2011లో, తర్వాతివి 2013, 2015, 2019లో, అయిదోది 'ఇన్ ద గార్డెన్' 2023లో వచ్చాయి. సగటున మూడేళ్లకు ఒకటి. ఇంకా ఏడు మిగిలాయి. ఈ నడకనే సాగితే పన్నెండోది 2044లో వస్తుంది.